అడవిలేని సీమలో కొయ్యపని

కోనసీమలో అడవి లేదు. కొండ లేదు. గోడకు పనికివచ్చు రాయియైనను లేదు. గౌతమికిని, వసిష్ఠకును, సముద్రమునకును నడుమ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల యిది. అయినను ఈ సీమలోని పాత లోగిళ్ళను చూచినవారికి ముందుగా కంటికి ఆనునది వాని కొయ్యపనియే. బారెడు వెడల్పు ద్వారబంధములు, నున్నని స్తంభములు, ఒక్క మానున తీసిన దూలములు, పసుపు రాచిన గడపలు - ఇవన్నియు అడవిలేని నేలమీద ఎట్లు నిలిచినవి?

జొన్నాడ వద్ద గౌతమిని దాటి రావులపాలెమున అడుగుపెట్టినవారు కోనసీమ ముఖద్వారమున నిలిచినట్లే. నేడు ఆ దారిని అరటిగెలల లారీలును, కలప లారీలును వంతెనమీదుగా నడచుచున్నవి. వంతెన లేని కాలమున సమస్తమును రేవు దాటి పడవలమీదనే రావలెను. ఆ పడవయు కొయ్యదే. కనుక ఈ సీమ చరిత్రను కొయ్య చరిత్రగా చెప్పుకొన్నను తప్పుకాదు. ఆ కొయ్య ఎచ్చటినుండి వచ్చినది, ఎవరి చేతులలో రూపుదాల్చినది, ఆ విద్యలో నేటి గృహస్థు నేర్వదగినదేమి - ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుదము.

టేకు ఎగువదేశపు అడవిచెట్టు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు ప్రవహించు అడవులలో కొట్టిన మానులను తెప్పలుగా కట్టి గోదావరిలో విడిచెడివారు. పచ్చి టేకుమాను బరువైనది. తనంతట తాను సరిగా తేలదు. కనుక ఎండిన మానులనే ఎంచుకొనుటయో, వెదురుకట్టలను ఆసరాగా చేర్చుటయో చేయవలసివచ్చెడిది. ఆ తెప్పలు పాపికొండల నడుమనుండి పోలవరము మీదుగా రాజమహేంద్రవరము చేరెడివి. ఆ పట్టణము కలప వర్తకమునకు పేరుపొందుటకు కారణము నదియే. అడవి కోనసీమకు రాలేదు. నది అడవిని మోసికొనివచ్చి రేవున దించినది.

నదీముఖమున ఈ కలప ఓడలైనది. 1669కిని 1679కిని నడుమ బంగాళాఖాత తీరములందు సంచరించిన థామస్ బౌరీ అను ఆంగ్ల నావికుడు వసిష్ఠ యొడ్డుననున్న నరసాపురమును గూర్చి వ్రాయుచు, అచ్చట మేలైన కలపయు, మంచి యినుమును, నేర్పరులైన పనివారును దొరకుదురనియు, ఆంగ్ల వర్తకులు ఏటేట ఓడలు కట్టించుకొనుచుండిరనియు పేర్కొన్నాడు. గౌతమి పాయ మీది కోరంగియు, దాని చేరువనున్న తాళ్ళరేవును ఓడల కట్టుబడికిని, మరమ్మతునకును ప్రసిద్ధములు. 1839 నవంబరున వచ్చిన తుపాను ఉప్పెన కోరంగి వైభవమును చాలవరకు తుడిచివేసినది. ఓడలు కట్టిన వడ్రంగుల పేర్లు మనకు దక్కలేదు. వారు అక్షరములతో కాక బాడిసతో వ్రాసిరి. ఆ వ్రాత నీటిపాలైనది.

1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ఆరంభమై 1852లో పూర్తియైనది. ఆనకట్ట యనగానే మనకు రాయియు, సున్నమును తోచును. కాని దాని వెనుక వందలకొలది వడ్రంగులు, కమ్మరులు పనిచేసిరి. రాయి మోయు బండ్లు, పడవలు, తూముల తలుపులు, కాలువలమీది లాకుల తలుపులు - అన్నియు కొయ్యతో కావలసినవే. 1850 దశాబ్ది తొలి సంవత్సరములలో గన్నవరమున వైనతేయమీదుగా కాలువను దాటించిన అక్విడక్టును తలచుకొనుడు. ఇటుకతో కమాను కట్టవలెనన్న, ముందు దాని క్రింద అదే వంపుగల కొయ్య చట్రమును నిలుపవలెను. ఇటుకలు పేర్చి, సున్నము గట్టిపడిన పిమ్మట ఆ చట్రమును తీసివేయుదురు. చూచువారికి మిగులునది ఇటుక కమాను మాత్రమే. దానికి వంపునిచ్చిన వడ్రంగి పని కంటికి కనబడదు. చరిత్రలో ఈ వృత్తి స్థానమును తెలుపుటకు ఇంతకన్న తగిన ఉదాహరణము వేరొకటి అక్కరలేదు.

బొబ్బర్లంక వద్ద మొదలైన మధ్యడెల్టా కాలువల వెంట నీరు వచ్చినది, వరి పండినది, ఆ కాలువలమీదనే పడవలు నడచినవి. పంట పెరిగిన కొలది ఇండ్లు పెరిగినవి. కోనసీమ మండువా లోగిలి ఆ సంపదకు ప్రతిరూపము. నాలుగు వైపుల వసారాలు, నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువా, పెంకుల కప్పు - ఇది దాని స్వరూపము. బరువును మోయునది కొయ్య. టేకు కొనగలిగినవారు స్తంభములకును, తలుపులకును టేకు వాడిరి. వాసములకు ముదురు తాడి చాలినది. పీటలకు, పెట్టెలకు పెరటిలోని పనస, మామిడి, వేప పనికివచ్చినవి. నాగలికిని, బండికిని తుమ్మ మేలు. దేనికి ఏ కొయ్య అను వివేకము నాడు వడ్రంగికి మాత్రమే కాదు, ఇంటి యజమానికిని, ఇల్లాలికిని తెలిసియుండెడిది. చల్ల చిలుకు కవ్వము, రోకలి, కత్తిపీట చెక్క, ఉయ్యాలబల్ల - వీనిలో దేనికి ఎట్టి కర్ర కావలెనో ఆమె చెప్పగలిగెడిది.

ఈ లోగిళ్ళ తలుపును ఒకపరి పరిశీలింపుడు. పెద్ద పలకను చుట్టునున్న చట్రమునకు మేకులతో బిగింపలేదు. చట్రము లోపలి అంచున గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా నిలిపిరి. దీనికి కారణమున్నది. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. వేసవిలో ఆరి కుదించుకొనును. నిలువున ఈ మార్పు అత్యల్పము. అడ్డముగా మాత్రము లెక్కింపదగినంత. కోనసీమవంటి తేమగాలి సీమలో శ్రావణమున బిగిసిన తలుపు వైశాఖమున వదులగుట అందరు ఎరిగినదే. పలకను నాలుగువైపుల బిగించినచో అది కదలుటకు చోటులేక నిలువున పగులును. గాడిలో విడిచినచో తనంతట తాను సర్దుకొనును. చట్రము మూలలను మాత్రము కుసి, దానికి తగిన బెజ్జము చేసి, అడ్డముగా కొయ్యచీల దిగగొట్టి కలిపిరి. ఇనుపమేకు ఉప్పుగాలికి తుప్పుపట్టి కొయ్యను తినివేయును. కొయ్యచీల కొయ్యతో పాటు బ్రదుకును. నూరేండ్ల తలుపు నేటికిని చప్పుడు లేకుండ మూయుటలోని రహస్యమిదియే.

ఈ విద్య గ్రామ వడ్రంగి చేతిలో నుండెడిది. రైతు ఏటికింత ధాన్యమని కళ్ళములోనే కొలిచి యిచ్చెడివాడు. దానిని మేర అనెడివారు. అందుకు బదులు నాగలి, కాడి, గుంటక, బండి వీని బాగోగులు వడ్రంగి చూచుకొనెడివాడు. ఎద్దుబండి చక్రము అతని నేర్పునకు గీటురాయి. నడుమ కుండ, దానిలో నాటిన ఆకులు, వెలుపల వంపు తిరిగిన పూటీలు - ఇన్ని తునకలు ఏ జిగురును లేక ఒకటిగా నిలువవలెను. చక్రము చుట్టుకొలతకన్న రవంత తక్కువగా ఇనుపపట్టాను చేసి, ఎఱ్ఱగా కాల్చి, వ్యాకోచించినపుడు తొడిగి, వెంటనే నీరు పోసెడివారు. చల్లారిన పట్టా కుదించుకొని తునకలన్నిటిని బిగబట్టెడిది. కొయ్య గుణమును వడ్రంగి, ఇనుము గుణమును కమ్మరి ఎరిగి కలిసి చేసిన పని యది.

అయితే ఈ యేర్పాటులో ఒక లోపము లేకపోలేదు. ఉలి పట్టుట ఒక కులమునకు విధి, ఇతరులకు చిన్నతనము అని సమాజము భావించినది. పుస్తకము పట్టినవాడు బాడిస ముట్టరాదనిరి. బాడిస పట్టినవానికి పుస్తకము అందనీయరైరి. దీనివలన ఇరువురును నష్టపోయిరి. చదువుకొన్న ఇంటికి చేతిపని దూరమైనది. పనివాని యనుభవము గ్రంథమునకు ఎక్కక తండ్రినుండి కొడుకునకు నోటిమాటగా, చేతివాటముగా మాత్రమే అందినది. కొడుకు వేరొక ఉద్యోగమునకు వెళ్ళిననాడు ఆ గొలుసు తెగినది.

ఇట్టి చిక్కునే ఇతర దేశములును ఎదుర్కొన్నవి. ఫిన్లండు దేశమున ఊనో సిగ్నేయస్ అను విద్యావేత్త కృషివలన 1866లో చేతిపని పాఠశాలలలో పాఠ్యాంశమైనది. స్వీడను దేశమున ఓట్టో సాలమన్ నేస్ అను చోట ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పు విద్యాలయమును నడిపెను. స్లొయిడ్ అను ఆ పద్ధతిలో బాలుడు మొదట చాకుతో చిన్న వస్తువును చెక్కును, పిదప గరిటె, ఆ పిదప పెట్టె. ప్రతి వస్తువును ఇంట ఉపయోగింపదగినదై యుండవలెను; ప్రతి వస్తువును ముందటిదానికన్న ఒక్క మెట్టు కష్టమై యుండవలెను. వడ్రంగులను తయారుచేయుట వారి యుద్దేశము కాదు. కన్నును, చేయిని, బుద్ధిని ఒక్కటి చేయుట వారి యుద్దేశము. మన దేశమున 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యయు ఏదేని ఒక చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలిపినది. అందు వడ్రంగము ఒకటి. స్వాతంత్ర్యానంతరము 1950లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన శిక్షణ పథకమున వడ్రంగము కులముతో నిమిత్తము లేకుండ ఎవరైనను నేర్వదగిన వృత్తియైనది.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన కాలమున గృహస్థుల వసారాలలోనికి వచ్చిన రేడియోలు చాలవరకు మెరుగుపెట్టిన కొయ్యపెట్టెలే. అప్పటివారు దానిని ఇంటి సామానులలో ఒకటిగా తుడిచి, గుడ్డ కప్పి కాపాడుకొనిరి. పెట్టె పగిలినపుడు దానిని అతికించుటతోనే కొయ్యపని మొదలుపెట్టిన గృహస్థులును ఉండిరి. వేడుకకు చేయు వడ్రంగము మన యిండ్లకు కొత్తది కాదు. దానికి ఒక పద్ధతి కావలెను, అంతియే.

ఆ పద్ధతిని మన సీమ చరిత్రయే నేర్పుచున్నది. మొదటి పాఠము కొయ్యను గుర్తించుట. టేకులో లోపలి చేవకును పైనున్న తెల్లకొయ్యకును భేదము కలదు. చేవలోని సహజమైన నూనెలు చెదను దూరముంచును. తెల్లకొయ్యకు ఆ శక్తి లేదు. రావులపాలెమువంటి కూడలి ఊళ్ళలోని అడితీలకు వెళ్ళినపుడు పలక అంచున లేతరంగు పట్టీ ఎంత కలదో ముందు చూడవలెను. కొలతలలో జాగ్రత్త కావలెను. 1956 నాటి చట్టమువలన మీటరు పద్ధతి వచ్చినను, వడ్రంగులు నేటికిని అడుగులు, అంగుళములనే వాడుదురు. కలపను ఘనపుటడుగులలో లెక్కింతురు. రెండు పద్ధతులును తెలిసియుండుట మేలు.

కొబ్బరికొయ్య సంగతి వేరు. 1996 నవంబరు 6న తీరము దాటిన తుపాను కోనసీమలో లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లను నేలకూల్చినది. వేయిమందికి పైగా ప్రాణములను గొన్నది. నేలబడిన కొబ్బరిని ఏమి చేయవలెనను ప్రశ్న నాడు ప్రతి తోట యజమానికిని ఎదురైనది. కొబ్బరియు, తాడియు గడ్డిజాతికి దగ్గరివి. టేకువలె ఏటేట వలయములు వేసి లావెక్కునవి కావు. వానిలో చేవ లోపల కాక వెలుపల నుండును. మ్రాను మొదటి భాగమున, బెరడును ఆనుకొనియున్న కొయ్య ఇనుమువలె గట్టిది. నడుమనున్నది మెత్తని బెండు. కనుక అడ్డదిడ్డముగా కోసినచో ఒకే పలకలో గట్టియు, మెత్తనయు కలిసి చెడును. వెలుపలి భాగమును వేరుగా తీసి, బూజు పట్టకముందే ఆరబెట్టిన కొబ్బరికొయ్య దూలములకును, పీటలకును, గరిటెలకును చక్కగా పనికివచ్చును. కొమ్మలు లేని చెట్టగుటచే దానిలో ముడులుండవు. కాని అది రంపపు పండ్లను త్వరగా మొద్దుబరచును; పదునుపెట్టు ఓపిక కావలెను.

రెండవ పాఠము ఆరబెట్టుట. కోతమిల్లునుండి తెచ్చిన పచ్చిపలకలను నీడపట్టున, నేలకు ఎత్తుగా, ఒకదానిమీద నొకటి పేర్చి, నడుమ సమానమైన సన్నబద్దలుంచి, గాలి ఆడనీయవలెను. అంగుళము మందమునకు ఇంచుమించు ఒక సంవత్సరము అను లెక్క పాతకాలమునుండి వాడుకలో నున్నది. తొందరపడి ఎండలో పడవేసిన పలక మెలి తిరుగును.

మూడవది పనిముట్లు. వసారా మూలనొక గట్టి బల్ల, వెలుతురు చాలు. అరంగుళము, ముప్పాతిక అంగుళము ఉలులు రెండు, రంపము, చిత్రిక, చిన్న బరమా, కొయ్యసుత్తి, మూలమట్టము, సానరాయి - ఆరంభమునకు ఇంతకన్న అక్కరలేదు. పది మొద్దు పనిముట్లకన్న రెండు పదునైనవి మేలు. ఉలి అంచు ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీల వాలున సానపట్టి, వీపుభాగమును చదునుగా నుంచవలెను. మొద్దు ఉలికి బలము ఎక్కువ పెట్టవలసివచ్చును. చేయి జారుట అప్పుడే. ఏనాడును ఉలి మొనకు ఎదురుగా రెండవ చేతినుంచరాదు. టేకుపొడి కొందరికి ముక్కును, చర్మమును బాధించును. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మంచిది.

మొదటి వస్తువుగా పీటను చేయుడు. పదునెనిమిది అంగుళముల పొడవు, పది అంగుళముల వెడల్పు, అంగుళము మందముగల పనసపలక తీసికొనుడు. బొబ్బిలి వీణలను మలచునది ఈ పనసతోనే. లేత పసుపువన్నెగల ఈ కొయ్య ఉలికి లొంగును. నార నడచు దిక్కుననే చిత్రిక పట్టవలెను. ఎదురు పట్టినచో కొయ్య చిట్లును. అడుగున అడ్డముగా రెండు కాళ్ళపట్టెలు అమర్పవలెను. ఇచ్చటనే పాత తలుపు పాఠము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పట్టెను రెండు చివరల గట్టిగా బిగించినచో వేసవిలో పీట పగులును. పట్టె నడుమ ఒక మరమేకును గట్టిగా బిగించి, చివరల రంధ్రములను పట్టె పొడవు దిక్కున కొంచెము సాగదీసి, అచ్చట మరమేకులను మితముగా బిగింపుడు. చేయి తిరిగినవారు పలక అడుగున లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా నుండు గాడి తీసి, పట్టెను ప్రక్కనుండి జొనుపుదురు. దానికి మేకే అక్కరలేదు. ఈ ఒక్క పీటలో కొలత, కోత, నునుపు, కలయిక అన్నియు ఇమిడియున్నవి. ఆపైన పుస్తకముల గూడు, ఆపైన పెట్టె - స్లొయిడ్ బాలునివలె మెట్టుమెట్టుగా ఎక్కవచ్చును.

వడ్రంగి చేయవలసిన పనిని గృహస్థు చేసికొనుట ఆ వృత్తివాని కూడు తీయుట కాదా యని కొందరు శంకింపవచ్చును. నిజమునకు జరుగునది వేరు. తాను ఒక కుసిని తీయ ప్రయత్నించినవాడే మంచి కుసి విలువను ఎరుగును. దానికి తగిన కూలి ఇచ్చుటకు వెనుదీయడు. పనిని ఎరుగని యజమాని చౌక వస్తువును, పైమెరుగును చూచి మోసపోవును. ఆ దెబ్బ మొదట తగులునది నిజమైన పనివానికే.

ఈ విద్య అంతరించలేదనుటకు అంతర్వేది సాక్ష్యము. 2020 సెప్టెంబరు 5 రాత్రి అచ్చటి లక్ష్మీనరసింహస్వామివారి కొయ్యరథము అగ్నికి ఆహుతియైనది. సుమారు నలుబది అడుగుల ఎత్తుగల ఆ రథమునకు మారుగా క్రొత్త టేకురథము కొద్ది నెలలలోనే రూపొంది 2021 ఫిబ్రవరిలో నడచినది. పనిచేయు చేతులు ఇంకను కలవు; కలప కలదు; ఊరంతయు కోరినపుడు పని జరిగినది. కాని ఇంటి తలుపు కొరకు ఊరంతయు కదలదు. ఆ బాధ్యత ఇంటివారిదే.

నేడు మండువా లోగిళ్ళు ఒక్కొక్కటిగా విప్పబడుచున్నవి. వారసులు పలువురై, మరమ్మతు భారమై, స్థలమునకు వెలయెక్కుటచే ఇది జరుగుచున్నది. వారిని నిందించి ప్రయోజనము లేదు. స్తంభములు, ద్వారబంధములు లారీలకెక్కి దూరపు పట్టణములకు పోవుచున్నవి. కలపకు వెల కట్టుదురు. కుసికిని, గాడికిని ఎవరును వెల కట్టరు. ఇల్లు విప్పక తప్పనిచో, విప్పుటకు ముందు ఒక్క దినము ఆగుడు. ఊరిలోని ముదుసలి వడ్రంగిని పిలిచి, ఏ కలయిక ఎట్లు చేసిరో, ఏ చీల ముందు తీయవలెనో అడిగి తెలిసికొనుడు. కొలతలు వ్రాసికొనుడు. పిల్లలను ప్రక్కన నిలుపుడు. గొడ్డలితో పగులగొట్టక, చీల తీసి విప్పిన తలుపు వేరొక గుమ్మమున మరల నిలుచును. మిగిలిన తునకలు పీటలగును, గూళ్ళగును.

అడవిలేని నేలమీద మన పెద్దలు కొయ్యను పొదుపుగా, గౌరవముగా వాడిరి. దూరమునుండి వచ్చినది గనుక దానిని వ్యర్థము చేయలేదు; నూరేండ్లు నిలుచునట్లు చేసిరి. ఆ టేకును మనము నేడు ఎక్కువ వెల పెట్టియైనను కొనవచ్చును. దానిని నిలిపిన తెలివి అడితీలో దొరకదు. అది చేతినుండి చేతికి అందవలెను. అందుకొనుటకు మన చేయి చాచవలెను.